ఎయిర్ సస్పెన్షన్ ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్: విశాఖ వీధుల నుంచి మన్యం మట్టిదారుల దాకా ఎలా వాడాలి

మీటరు టేపు, చిన్న నోటుపుస్తకం, సబ్బునీళ్లు నింపిన స్ప్రే సీసా. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి కొని సలహా అడిగినవారితో నేను ముందుగా కొనిపించేవి ఈ మూడే. లక్షలు పోసిన బండికి ఇవేమిటని నవ్వినవారు ఉన్నారు. మొదటి వర్షాకాలం దాటాక ఫోను చేసినవారూ వాళ్లే.

విశాఖలో ఇలాంటి బండిని ఆరేళ్లుగా నడుపుతున్నాను. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను కాబట్టి దాని సుగుణాల కంటే అలకలే ముందు తెలిశాయి. యజమాని పుస్తకంలో బండి ఎత్తు పెంచి దించే మీట ఎటు తిప్పాలో ఉంటుంది గాని, ఎప్పుడు తిప్పకూడదో అంతగా ఉండదు. ఇక్కడ రాస్తున్నది ఎక్కువగా ఆ రెండోదాని గురించే.

లోపలి అమరిక క్లుప్తంగా చెబుతాను. మామూలు బండిలో ఉక్కు స్ప్రింగు ఉండే చోట ఇందులో గాలి నిండిన రబ్బరు సంచి ఉంటుంది. దాన్నే ఎయిర్ స్ప్రింగ్ అంటారు. గాలి పట్టడానికి కంప్రెసర్, నిల్వకు చిన్న ట్యాంకు, ఏ మూలకు ఎంత పంపాలో నియంత్రించే వాల్వ్ బ్లాక్, ప్రతి చక్రం దగ్గర ఎత్తు చూసే సెన్సర్, వీటన్నిటికీ పెద్దగా ఒక కంప్యూటర్. 1992లో రేంజ్ రోవర్‌లో వచ్చినప్పటి నుంచి మూలసూత్రం ఇదే.

ఎత్తు పెంచితే సంచిలో ఒత్తిడి పెరిగి స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. బండి బరువు మారనంతవరకు ఒత్తిడి దాదాపు అంతే ఉంటుంది, గాలి మాత్రమే ఎక్కువ చేరుతుంది. ఒత్తిడి పెరిగేది బరువు పెరిగినప్పుడు. అయినా ఎత్తు పెంచిన బండి గతుకుల మీద ఎందుకు దడదడలాడుతుంది? దాని కారణం వేరు, మట్టిదారి దగ్గరకు వచ్చాక చెబుతాను.

కొలతతో మొదలుపెట్టండి

బండి ఇంటికి వచ్చిన మొదటి ఆదివారమే ఈ పని చేయండి. ముందు చదునైన నేల వెతకాలి. విశాఖలో అది అనుకున్నంత సులువు కాదు, సగం వీధులు సముద్రం వైపో కొండ వైపో వాలి ఉంటాయి. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో చెంబుడు నీళ్లు పోసి చూడండి. నీళ్లు ఏ వైపూ పరుగెత్తకుండా నిలిస్తే ఆ చోటు పనికొస్తుంది.

టైర్లలో గాలి సరిచూసుకోండి. తలుపులన్నీ మూసి, ఇంజన్ నడుస్తుండగా బండిని మామూలు ఎత్తులో ఉంచండి. చక్రం నడిబిందువు నుంచి సరిగ్గా దాని పైన ఉండే మడ్‌గార్డు అంచు వరకు నిలువుగా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలవవద్దు, టైరులో గాలి తగ్గినా ఆ అంకె మారిపోతుంది. నాలుగు చక్రాలు, మూడు ఎత్తులు: మామూలు, పెంచినది, దించినది. మొత్తం 12 అంకెలు. కుడి ఎడమల మధ్య వేలి మందానికి మించి తేడా ఉంటే ఇప్పుడే మెకానిక్‌కు చూపించండి. మామూలు ఎత్తు నుంచి పై ఎత్తుకు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా ఫోనులో చూసి రాయండి. ఆరు నెలల తరువాత అదే పనికి ఎక్కువ సమయం పడుతుంటే, డ్యాష్‌బోర్డు మీద ఏ దీపమూ వెలగకముందే కంప్రెసర్ అలసిపోతున్న సంగతి మీకు తెలిసిపోతుంది.

బండిని దించే ముందు ఒకసారి కిందికి వంగి చూడండి. మన వీధికుక్కలకు ఎండలో కారు నీడ కంటే మంచి చోటు లేదు. బండి నెమ్మదిగానే దిగుతుంది కాని, నిద్రపోతున్న కుక్కపిల్లకు ఆ సంగతి తెలియదు.

ఊళ్లో ఉన్నప్పుడు

పెద్దవారిని సింహాచలం తీసుకువెళ్లేటప్పుడు ఎక్కే ఎత్తు, అంటే అన్నిటికంటే కింది ఎత్తు, ఎంతో మేలు చేస్తుంది. సాధారణంగా మామూలు ఎత్తు నుంచి 4, 5 సెంటీమీటర్లు దిగుతుంది. మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి ఆ తేడా చాలా పెద్దది. చాలా బండ్లలో తలుపు తెరవగానే ఎత్తు మారడం ఆగిపోతుంది, అందుచేత ముందు దించి, ఆ తరువాత తలుపు తీయండి. ఆ ఎత్తులోనే వేగంగా నడపవద్దు. స్పీడ్‌బ్రేకర్ తగిలితే కుదుపును మింగడానికి చక్రం పైకి వెళ్లే చోటు అప్పుడు తక్కువ.

ఫుట్‌పాత్ మీదికి ఒక చక్రం ఎక్కించి నిలపడం మనకు అలవాటు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండిని అలా నిలపకండి. కంప్యూటర్ బండిని సమం చేద్దామని ఒక మూల గాలి వదిలి, మరో మూల నింపుతుంది. మీరు మళ్లీ రోడ్డు మీదికి దించినప్పుడు బండి ఒక పక్కకు వాలి కనిపిస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది కాని, కంప్రెసర్‌కు అక్కరలేని చాకిరీ.

ఇంజన్ ఆపిన కొన్ని గంటల తరువాత కూడా కొన్ని బండ్లు మేలుకుని, నాలుగు మూలల ఎత్తు చూసుకుని, కాస్త గాలి వదిలి సమం చేసుకుంటాయి. అర్ధరాత్రి ‘ఉస్’ మని శబ్దం వస్తే కంగారు పడవద్దు. మా వాచ్‌మన్ మొదటి వారం కర్ర పట్టుకుని కారు చుట్టూ పాము కోసం వెతికాడు.

ఘాట్ ఎక్కే ముందు బరువు చూడండి

ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కబోతున్నారు. బండిలో ఏడుగురు, వెనుక సామాను, పైన క్యారియర్ మీద ఇంకొంత. ఉక్కు స్ప్రింగుల బండి అయితే వెనుక భాగం కుంగి, ‘ఇక చాలు’ అని చూపిస్తుంది. ఎయిర్ సస్పెన్షన్ బండి అలా చెప్పదు. కుంగిన చోట గాలి నింపుకుని, ఖాళీగా ఉన్నప్పటిలాగే నిటారుగా నిలబడుతుంది. హెడ్‌లైటు వెలుగు ఆకాశం వైపు లేవదు, స్టీరింగు తేలిపోదు. ఇది నిజంగా గొప్ప సుగుణం. కాని అదే సుగుణం బరువును మీ కంటికి కనపడకుండా దాస్తుంది. టైర్ల మీద, బ్రేకుల మీద పడే భారం మాత్రం ఒక్క కిలో కూడా తగ్గదు.

అందువల్ల కంటితో కాకుండా లెక్కతో చూడండి. డ్రైవరు తలుపు పక్క స్తంభం మీద అతికించిన పట్టీలోనో, యజమాని పుస్తకంలోనో బండి మోయగల మొత్తం బరువు, నిండు బరువుకు టైర్లలో ఉంచాల్సిన గాలి ఉంటాయి. ఏడుగురు పెద్దలంటేనే 450 నుంచి 500 కిలోలు. దాని పైన సామాను కలిపి చూసి, టైర్లలో గాలి పెంచి బయలుదేరండి. ఎయిర్ స్ప్రింగుకు గాలి నింపే యంత్రం బండిలోనే ఉంది కదా అని టైరు సంగతి మరిచిపోయినవారిని చూశాను. ఈ రెండు గాలులకూ సంబంధం లేదు.

ఘాట్ మలుపుల్లో ఎత్తు పెంచవద్దు. తారు రోడ్డు మీద పెంచిన ఎత్తు వల్ల ఏ లాభమూ లేదు, పైగా బరువు పైకి జరిగి మలుపులో బండి ఎక్కువ వాలుతుంది. దిగేటప్పుడూ అంతే. మామూలు ఎత్తు, తక్కువ గేరు చాలు.

మట్టిదారిలో: ఎత్తుకు వెల ఉంటుంది

పాడేరు చుట్టుపక్కల కొండదారులు, వంజంగి వైపు పైకి వెళ్లే రాళ్లబాటలు, వర్షం పడితే కోసుకుపోయే ఎర్రమట్టి. ఎత్తు మీట తిప్పాలనిపించేది ఇక్కడే. తిప్పండి, కాని వరుస తప్పకుండా.

దారి చెడిపోయే ముందే ఆగండి. ఇంజన్ నడుస్తుండాలి, తలుపులు మూసి ఉండాలి. ముందు ఎత్తు పెంచి, డ్యాష్‌బోర్డులో బాణం గుర్తు మెరవడం ఆగి స్థిరపడేవరకు ఆగండి. ఆ తరువాత లో రేంజ్, అంటే నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే గేర్ల వరుస, వేయండి. సగం ఎక్కి, ఒక చక్రం గుంటలో, మరో చక్రం రాయి మీద ఉండగా పెంచడం మొదలుపెడితే కంప్యూటర్‌కు నేల ఎక్కడుందో అర్థం కాదు, బండి తిన్నగా లేవదు.

ఎంత లేస్తుందంటే, 2020 నాటి కొత్త ల్యాండ్ రోవర్ డిఫెండర్ తీసుకోండి. మామూలు ఎత్తు మీద 75 మిల్లీమీటర్లు, అత్యవసరమైతే ఇంకో 70, మొత్తం 145 మిల్లీమీటర్లు. వినడానికి బాగుంది. కాని ఇప్పుడు నేను ఇందాక దాటేసిన ప్రశ్నకు జవాబు చెప్పాలి.

చక్రం పైకీ కిందికీ ఆడే దూరానికి ఒక హద్దు ఉంటుంది. లెక్క కోసం ఆ మొత్తం 25 సెంటీమీటర్లు అనుకుందాం, మామూలు ఎత్తులో పైకి సగం, కిందికి సగం. మీరు బండిని 7.5 సెంటీమీటర్లు లేపారంటే, చక్రం కిందికి దిగగల దూరంలో నుంచి అంత ఖర్చు చేసేశారు. కిందికి మిగిలింది 5 సెంటీమీటర్లే. దానికంటే లోతైన గుంట వస్తే చక్రం నేలను అందుకోలేక గాలిలో వేలాడుతుంది. షాక్ అబ్జార్బర్ చివరిదాకా సాగి ‘ధన్’ మని ఆగుతుంది. గతుకుల మీద వినిపించే ఆ దడదడ ఇదే. గాలిలో వేలాడే చక్రానికి పట్టు ఉండదు, ఇంజన్ శక్తి అంతా దాన్ని ఊరికే తిప్పడానికి పోతుంది.

కాబట్టి మిమ్మల్ని మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ దారిలో నా భయం బండి కడుపు, అంటే కింది భాగం, తగులుతుందనా, పట్టు జారుతుందనా? మధ్యలో రాళ్లు పైకి పొడుచుకు వచ్చిన బాట అయితే ఎత్తు పెంచండి. బురద కాలువలు పడి, ఒక పక్క చక్రాలు దిగిపోయే బాట అయితే మామూలు ఎత్తులోనే ప్రయత్నించండి. నేను మొదటి రెండేళ్లు మట్టి కనపడగానే ఎత్తు పెంచేవాడిని. పాడేరు దగ్గర ఒక జీపు డ్రైవరు, ఏ మీటా లేని పాత బండితో, నేను ఇరుక్కున్న చోటే సులువుగా దాటిపోయాడు. అతని బండి చక్రాలు నాలుగూ నేల మీద ఉన్నాయి, నావి మూడే.

ఈ లోటును కొంత పూడ్చే ఏర్పాటు కొన్ని బండ్లలో ఉంది. 2004లో వచ్చిన ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3లో పక్కపక్క చక్రాల ఎయిర్ స్ప్రింగులను ఒక వాల్వ్ కలుపుతుంది. ఒక చక్రం రాయి ఎక్కి పైకి నెట్టబడితే అక్కడి గాలి రెండో వైపు వెళ్లి, ఆ చక్రాన్ని కిందికి తోస్తుంది. కావడి బద్దలా ఒకటి లేస్తే ఒకటి దిగుతుంది. మీ బండిలో ఈ ఏర్పాటు ఉందో లేదో పుస్తకంలో చూసుకోండి, ఉంటే పై జాగ్రత్త కాస్త సడలించవచ్చు.

ఇంకొక తేడా కూడా గమనించండి. నాలుగు చక్రాలూ వేటికవే ఆడే బండిలో ఎత్తు పెంచితే కింది భాగమంతా లేస్తుంది. ముందూ వెనుకా గట్టి ఇరుసు ఉన్న పాత బండ్లలో లేచేది బాడీ మాత్రమే. ఇరుసు మధ్యన ఉండి రెండు చక్రాలకూ శక్తి పంచే డిఫరెన్షియల్ గుండు నేలకు ఎంత ఎత్తులో ఉండేదో అంతలోనే ఉంటుంది. అక్కడ రాయి తగిలే సమస్యకు ఎత్తు మీట ఏమీ చేయలేదు, పెద్ద టైర్లే గతి.

పెంచిన ఎత్తులో స్టీరింగు పూర్తిగా తిప్పి ఉంచి, ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కవద్దు. చక్రానికి శక్తి చేరవేసే కీళ్లు అప్పటికే వాలుగా వంగి ఉంటాయి. వేగం పెరిగితే, చాలా బండ్లలో గంటకు 40, 50 కిలోమీటర్ల దగ్గర, కంప్యూటరే మందలించి దించేస్తుంది. దానితో వాదించకండి. తారు రోడ్డు ఎక్కగానే మీరే దించండి.

బండి కడుపు దిబ్బ మీద కూర్చుండిపోతే కంగారుగా చక్రాలు తిప్పవద్దు. డిస్కవరీ 3, డిఫెండర్ వంటివి ఈ స్థితిని తామే గుర్తించి, ఇంకొంత గాలి నింపి బాడీని పైకి లేపుతాయి. ఒక నిమిషం వాటి పని వాటిని చేయనివ్వండి.

గెడ్డ (కొండవాగు) దాటడం, ఇసుక

డిఫెండర్ ఎయిర్ సస్పెన్షన్‌తో 900 మిల్లీమీటర్ల నీటిలో వెళ్లగలదని తయారీదారు చెబుతారు. అది నిలిచిన నీటికి పనికొచ్చే లెక్క. మన్యం గెడ్డ వాన పడ్డాక నిలబడి ఉండదు. పారే నీరు మోకాలు దాటితే ఎంత ఎత్తు పెంచినా దిగవద్దు, నీరు బండిని పక్కకు తోసేస్తుంది. దాటదగిన నీరైతే గట్టు మీదే ఎత్తు పెంచి, తలుపు తెరవకుండా, ఆగకుండా, నడక వేగంతో దాటండి.

బీచ్ ఇసుకలోకి బండి దించడం గురించి నేను చెప్పను. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం మనది, ఎర్రమట్టి దిబ్బలు అంతకంటే నాజూకు. సరదాకు వేరే చోట్లున్నాయి.

లంబసింగిలో తెల్లవారుజామున

రాత్రి విశాఖలో 30 డిగ్రీల వేడిలో బయలుదేరి, లంబసింగి చేరి, తెల్లవారి చూస్తే బండి కాస్త కిందికి దిగి ఉంటుంది. లీకేజీ అని గుండె జారిపోతుంది. ఒక్క నిమిషం లెక్క వేయండి. చలికి గాలి ముడుచుకుంటుంది. 30 నుంచి 5 డిగ్రీలకు పడితే గాలి పరిమాణం సుమారు 8 శాతం తగ్గుతుంది. గాలి స్తంభం 20 సెంటీమీటర్లు అనుకుంటే బండి ఒకటిన్నర సెంటీమీటర్లు దిగాలి. గుర్తు ఏమిటంటే, చలికి దిగితే నాలుగు మూలలూ ఇంచుమించు సమానంగా దిగుతాయి. ఒకే మూల దిగితే చలి కాదు, చిల్లు. నోటుపుస్తకంలోని అంకెలు ఇక్కడ అక్కరకు వస్తాయి.

అసలు శత్రువు సముద్రపు గాలి

కొండ మీది రాళ్లు ఈ బండిని పాడు చేస్తాయని భయపడేవాడిని. నా అనుభవంలో ఎక్కువ నష్టం చేసింది బీచ్ రోడ్డు గాలి. అందులో తేమ, ఉప్పు రెండూ ఉన్నాయి.

కంప్రెసర్ బయటి గాలిని పీల్చుకుంటుంది. అందులోని తేమను ఆపడానికి లోపల సిలికా జెల్ గింజల డబ్బా ఉంటుంది, దాన్నే డ్రైయర్ అంటారు. బండి దిగినప్పుడు సంచుల్లోని పొడి గాలి అదే డబ్బా గుండా వెనక్కి వచ్చి, గింజలు పట్టుకున్న తేమను బయటికి మోసుకుపోతుంది. అంటే లేవడం, దిగడం రెండూ జరుగుతుంటే డ్రైయర్ తనను తాను ఆరబెట్టుకుంటుంది. లీకేజీ ఉంటే ఈ వరుస తెగిపోతుంది. గాలి డ్రైయర్ గుండా తిరిగి రాకుండా చిల్లులోంచి పోతుంది, కంప్రెసర్ మళ్లీ మళ్లీ తడిగాలి పీలుస్తుంది, గింజలు తేమతో నిండిపోతాయి, నీరు వాల్వ్ బ్లాక్ వరకు చేరి తుప్పు పట్టిస్తుంది. చిన్న చిల్లు పెద్ద బిల్లు అయ్యే దారి ఇది. పొడిగా ఉండే ఊళ్లో ఇదే చిల్లు ఇంత త్వరగా ప్రాణం మీదికి తేదు.

చిల్లు వెతకడం ఇలా. రాత్రి కొలిచి, ఉదయం కొలవండి. ఒక మూల మాత్రమే దిగితే ఆ ఎయిర్ స్ప్రింగునో, దాని పైపునో అనుమానించండి. ముందు రెండూ కలిసి దిగితే ముందరి వాల్వ్ బ్లాక్. ఆ తరువాత ఎత్తు పెంచి, సబ్బునీళ్లు రబ్బరు మడతల మీద, పైపు కలిసే ప్రతి చోట చల్లి చూడండి, బుడగలు రావడమే సాక్ష్యం. పంక్చర్ షాపులో ట్యూబును నీళ్లతొట్టిలో ముంచడం లాంటిదే ఇది. ఒకసారి అరకు నుంచి తిరిగి వస్తుంటే నా బండిలో హెచ్చరిక దీపం వెలిగింది. ఒక గ్యారేజీవారు ఎయిర్ స్ప్రింగులు నాలుగూ మార్చాలన్నారు. ఇంటికి వచ్చి సబ్బునీళ్లు చల్లితే, సన్నని పైపు ఒకటి వాల్వ్ బ్లాక్‌లో దిగే చోట బుడగలు లేచాయి. పైపు చివర తిన్నగా కోసి మళ్లీ బిగిస్తే సరిపోయింది.

మట్టిదారి నుంచి, తీరం నుంచి వచ్చిన ప్రతిసారీ ఎత్తు పెంచి, రబ్బరు మడతలు విచ్చుకున్నాక, ఒత్తిడి తక్కువగా ఉన్న మంచినీటితో కడగండి. మడతలో చిక్కిన ఇసుక ప్రతి కుదుపుకూ రబ్బరును ఆకురాయిలా అరగదీస్తుంది. కంప్రెసర్ మార్చాల్సి వస్తే దానికి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చును, అంటే రిలేను కూడా మార్చండి. పాత రిలే అతుక్కుపోతే బండి ఆపినా కంప్రెసర్ తిరుగుతూనే ఉండి, బ్యాటరీని, ఆపై తనను తాను చంపుకుంటుంది. చక్రాల అలైన్‌మెంట్ మాత్రం మామూలు ఎత్తులోనే చేయించండి. ఎత్తు మారితే చక్రాల వాలు మారుతుంది, టైరు ఒక అంచు తినేస్తుంది.

ఆటోనగర్‌లో ఎవరో ఒకరు ‘ఇవన్నీ పీకేసి ఉక్కు స్ప్రింగులు వేద్దాం సార్’ అంటారు. పదిహేనేళ్ల బండి అయితే ఆ మాటలో తెలివి ఉంది. కాని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పులకు హద్దులు పెడుతుంది, ముందు అది కనుక్కోండి. మంచి గాలి స్ప్రింగుల బండిని ఒక్క చిల్లు కోసం అలా మార్చేయడం నాకు మాత్రం నచ్చదు.

జాకీ ఎత్తేటప్పుడు, దారిలో కూలబడినప్పుడు

పంక్చర్ అయితే జాకీ పెట్టే ముందు మెనూలో జాకీ మోడ్ గాని, టైరు మార్చే మోడ్ గాని వెతికి ఆన్ చేయండి. లేకపోతే ఒక మూల లేచిందని కంప్యూటర్ అక్కడి గాలి వదిలేస్తుంది, మీరు జాకీ తిప్పేకొద్దీ చక్రం నేలనే పట్టుకుని ఉంటుంది. గాలి మీద నిలబడ్డ బండి కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దూరవద్దు. ఒక్క వాల్వ్ తెరుచుకుంటే చాలు, బండి మీద పడుతుంది. ఉక్కు స్టాండ్లు పెట్టాకే కిందికి వెళ్లండి.

ఘాట్ మధ్యలో బండి కిందికి కూలబడితే ముందు ఇంజన్ ఆపి, అరగంట ఆగండి. ఎక్కువసార్లు ఎత్తు మార్చడం వల్ల కంప్రెసర్ వేడెక్కి, తనను తాను ఆపుకుని ఉండవచ్చు. చల్లారాక తలుపులన్నీ మూసి, మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. అప్పటికీ లేవకపోతే టైర్లు మడ్‌గార్డుకు రాసుకోవడం లేదని నిర్ధారించుకుని, విశాలమైన చోటు దాకా మాత్రమే అతి నెమ్మదిగా నడపండి. అక్కడి నుంచి బండిని పైకెక్కించుకునే ట్రక్కునే పిలవండి. ట్రక్కు మీద పట్టీలు బాడీకి, ఛాసిస్‌కు కాకుండా చక్రాలకే కట్టమని దగ్గరుండి చెప్పండి. దారిలో మిగిలిన గాలి కూడా పోయి బాడీ ఇంకా దిగితే, బాడీకి కట్టిన పట్టీలు వదులైపోయి, బండి ట్రక్కు మీదే జరగడం మొదలుపెడుతుంది.